మోటార్లు పోని తోవ

దుబాయ్‌కు తూర్పున, కొండలకు అవతలి ఒడ్డున ఉన్న కల్బాలోని లేబర్ క్యాంపు నుంచి సముద్రపు గోడ కడుతున్న చోటికి ఏడు కిలోమీటర్లు. పొద్దున కంపెనీ బస్సు తీసుకుపోతుంది, పొద్దుగూకే వేళకు తీసుకొస్తుంది. మిగతా సమయాల్లో బజారుకైనా ఆసుపత్రికైనా రోడ్డు పట్టుకుని నడిచే పోవాలి. కొండల్లో పగలగొట్టిన బండలు మోసుకుంటూ టిప్పర్లు రోజంతా ఆ రోడ్డు మీదే తిరుగుతాయి. తారుకు అటూ ఇటూ మనిషి నడవడానికి మూరెడు చోటు ఉండదు.

1983 ఆగస్టులో ఒక శుక్రవారం హన్మాండ్లు, పోచన్న ఆ రోడ్డు మీద బజారుకు బయలుదేరారు. ఇద్దరిదీ మెట్‌పల్లి దగ్గర ఒకే ఊరు. ఇంటికి మాటలు నింపి పంపడానికి పోచన్నకు ఒక ఖాళీ క్యాసెట్ కావాలి. హన్మాండ్లు పది అడుగుల ముందు నడుస్తున్నాడు. వెనక హారన్ మోగింది. ఆ వెంటనే బస్తా పడ్డట్టు చప్పుడైంది. తిరిగి చూస్తే పోచన్న కంకరలో పడి ఉన్నాడు. టిప్పర్ అప్పటికే దూరం వెళ్ళిపోయింది.

పోచన్న కుడికాలి ఎముక మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. మూడు నెలలు పిండికట్టులో ఉన్నాడు. కట్టు విప్పాక చూస్తే ఎముక అతుక్కుంది గాని మోకాలు సరిగ్గా వంగడం లేదు. కాలు కర్రలా చాపుకుని, చంకలో ఊతకర్ర పెట్టుకుని క్యాంపుకు తిరిగి వచ్చాడు. ఫిబ్రవరి ఆఖర్న మెడికల్ చేయిస్తామని, అప్పటికీ పనికి రాకపోతే వీసా కేన్సిల్ చేసి పంపేస్తామని కంపెనీ మేనేజరు, అక్కడి మాటలో ముదీర్, కబురు పెట్టాడు.

హన్మాండ్లు ఆ ఆగస్టు నుంచి బస్సు ఎక్కడం తప్పితే రోడ్డు మీద కాలు పెట్టలేదు. శుక్రవారాలు కూడా గదిలోనే పడుకునేవాడు. ముందు నడిచింది తను. ఆ ఇరుకు చోట ఆగి పోచన్నను లోపలి వైపుకు రమ్మని ఉంటే బాగుండేదని అతని మనసులో నాటుకుపోయింది. పోచన్న ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఆ నవంబరులోనే సముద్రపు గోడ పని చూసే ఫ్రెంచి ఇంజనీర్ల ఆఫీసుకు ఒక కొత్త మనిషి వచ్చాడు. యాభై అయిదేళ్ళుంటాయి. నల్లటివాడు, పొట్టిగా గట్టిగా ఉంటాడు. ఇంజనీర్లతో ఫ్రెంచిలో గడగడా మాట్లాడతాడు. చెక్కపెట్టెలో ఒక సైకిల్ తెచ్చుకున్నాడు. కంపెనీ జీపు ఇస్తామన్నా వద్దని ఆ సైకిల్ మీద కొండల వైపు పోతాడు. క్యాంపులో అతన్ని అందరూ మద్రాసీ ఫ్రెంచోడు అనుకున్నారు.

ఒక మధ్యాహ్నం అతను గాలి పోయిన సైకిల్‌ను నడిపించుకుంటూ షట్టరింగ్ పని జరిగే చోటికి వచ్చాడు. సైకిల్ పని తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని హిందీలో అడిగాడు. హన్మాండ్లు లేచాడు. దుబాయ్ రాకముందు అతను మెట్‌పల్లిలో ఎనిమిదేళ్ళు సైకిల్ టాక్సీలో, అంటే అద్దె సైకిళ్ళ దుకాణంలో, పనిచేశాడు. చక్రం ఊడదీసి, ట్యూబును నీళ్ళ బకెట్లో ముంచి, బుడగలు వచ్చిన చోట వేలు పెట్టాడు. తర్వాత టైరు లోపల తడుముతూ తనలో తను గొణుక్కున్నాడు.

“గీ ముల్లు సుత అండ్లనే ఉన్నది. గాలెట్ల నిలుస్తది.”

ఆ పెద్దమనిషి వంగి అతని ముఖంలోకి చూశాడు.

“ఏ ఊరబ్బాయ్ మీది?”

హన్మాండ్లు టైరు కింద పెట్టాడు. “మెట్‌పల్లి దిక్కు సార్. కరీంనగర్ జిల్లా. మీరు తెలుగోళ్ళా?”

“మాది యానాం. కాకినాడకి కిందగా, గోదారొడ్డున. నేను పుట్టినప్పుడు అది ఫ్రెంచోళ్ళ ఊరు. ఇరవయ్యేళ్ళకి వాళ్ళ పటాలంలో చేరాను. అక్కణ్ణించి అలా అలా తిరిగి వాళ్ళ దేశంలోనే ఉండిపోయాను. నా పేరు త్రిమూర్తులు.”

“మంచిది సార్.”

“సారేంటబ్బాయ్. బాబాయ్ అను.”

“మా దిక్కు కాక అంటరు.”

“సరే, కాకా అనే అను. ఈ ముల్లు ఎక్కడిదంటావ్?”

“వాదిలున్న తుమ్మలయి. మీరు వాది నడుమకెళ్ళి పోతున్నరు గదా. అంచుకు పోతే తుమ్మలుండయి.”

త్రిమూర్తులు ఆ మాట చాలా శ్రద్ధగా విన్నాడు. కొండల మధ్య వానాకాలపు నీళ్ళు పారే రాళ్ళ పల్లాన్ని ఇక్కడివాళ్ళు వాది అంటారు. వచ్చే శుక్రవారం తనతో వస్తావా అని అడిగాడు. అంచు ఎక్కడుందో చూపించమన్నాడు.

హన్మాండ్లు వెంటనే ఒప్పుకోలేదు. “రోడ్డు మీదికెళ్ళి పోవాల్నా?”

“రోడ్డు ఎక్కే ప్రసక్తే లేదు. మోటారు తిరిగే దారిలో నేను సైకిల్ తొక్కను. ఇరవయ్యేళ్ళుగా అదే పట్టు.”

ఆ మాట విన్నాకే హన్మాండ్లు సరేనన్నాడు. కేరళవాళ్ళ కూరగాయల దుకాణం వెనక తుప్పు పట్టి పడి ఉన్న ఒక పాత సైకిల్‌ను అడిగి తెచ్చుకుని, రెండు సాయంత్రాల్లో దాన్ని తొక్కేలా చేసుకున్నాడు.

శుక్రవారాలు అలా మొదలయ్యాయి. తెల్లవారగానే క్యాంపు వెనక గుట్ట దిగి, కంకర నేల మీద కొండల వైపు పోయేవాళ్ళు. చుట్టూ ఒక్క మోటారు చప్పుడు వినబడేది కాదు. చక్రాల కింద గులకరాళ్ళు నలిగే చప్పుడు, ఎక్కడో మేకల అరుపు, అంతే. మొదటి రోజు హన్మాండ్లు ప్రతి వంద గజాలకూ వెనక్కి తిరిగి చూశాడు. మూడో వారానికి ఆ అలవాటు పోయింది.

ఆగినప్పుడల్లా త్రిమూర్తులు తన ఊరి సంగతులు చెప్పేవాడు. యానాం కాదు, ఫ్రాన్సులో క్లామ్సీ అనే చిన్న ఊరు. పటాలం వదిలాక అక్కడ కాలవ లాకుల దగ్గర పని దొరికింది.

“లాకులంటే మా గోదారి కాలవల మీద ఉన్నట్టే. పడవొస్తే తలుపు మూసి నీళ్ళు నింపి పైకెత్తడం. కాలవ పక్కన గట్టు. పూర్వం ఆ గట్టు మీద గుర్రాలు పడవల్ని లాక్కెళ్ళేవి. మా గోదారి కాలవల మీద మనుషులే తాళ్ళు కట్టుకుని లాగేవాళ్ళు, మా నాన్న కూడా లాగాడు. ఇప్పుడు గుర్రాలూ లేవు, పడవలూ లేవు. ఉత్త తెల్ల కంకర దారి. పొద్దుటెళ్తే మధ్యాహ్నం దాకా ఒక్క కారు కనిపించదు. ఇద్దరో ముగ్గురో గేలాలేసుకుని కూచున్న ముసలాళ్ళు. సైకిల్ ఎళ్తుంటే టోపీ ఎత్తుతారు, మాట్టాడరు. చేప పారిపోద్దని.”

“ఒక్కరే పోతుంటిరా?”

“ఒడెత్‌తో. మా ఆవిడ. లాకు కావలిదారు కూతురు.”

ఒడెత్ దగ్గర పెద్ద మ్యాపు ఒకటి ఉండేదట. అందులో ఎర్ర గీతలు పెద్ద రోడ్లు, పచ్చ గీతలు చిన్న రోడ్లు. ఆమె ఆ రెండింటి వైపూ చూసేదే కాదు. సన్నటి చుక్కల గీతలు వెతికేది. అవి అడివిలో కట్టెల బళ్ళు పోయే బాటలు, ద్రాక్షతోటల మధ్య రైతుల దారులు, పట్టాలు పీకేసిన పాత రైలు కట్టలు. ఆదివారం వస్తే రొట్టె, చీజు, ఉల్లిపాయ మూట కట్టుకుని ఆ చుక్కల వెంట పోయేవాళ్ళు. ఒక్కోసారి చుక్కలు తీసుకెళ్ళి ఒక రైతు పెరట్లో వదిలిపెట్టేవి. కుక్క వెంటబడేది. ఆ రైతు ముందు తిట్టి, తర్వాత నీళ్ళిచ్చి, ఇంకో దారి చూపించేవాడు. ఒక దారి ఇంకో దారితో కలిస్తే ఒడెత్ ఆ చుక్కల మీద పెన్సిలుతో గీత గీసేది. పన్నెండేళ్ళలో కారు కనబడకుండా రెండొందల కిలోమీటర్లు పోయేలా గీతలు కలిశాయి.

ఇదంతా జరిగిపోయినదాన్ని చెప్పినట్టు చెప్పేవాడు. ఆమె చనిపోయి ఉంటుందని హన్మాండ్లు అనుకున్నాడు. అడగలేదు.

డిసెంబరు మొదట్లో పోచన్నను చూపించడానికి కంపెనీ బండి ఆసుపత్రికి పోతుంటే హన్మాండ్లు కూడా వెంట వెళ్ళాడు. అక్కడ నర్సు లీదియా ఉంది. నరసాపురం అమ్మాయి. పోచన్న మంచం మీద ఉన్న మూడు నెలలూ ఊళ్ళోవాళ్ళకు ఉత్తరాలు రాసిపెట్టింది ఆమే. పోచన్న మోకాలి పక్కన ప్లాస్టిక్ కోణమాని పెట్టి చూసింది.

“యాభై డిగ్రీలు. పోయినసారీ ఇంతే. నేను చెప్పిన వ్యాయామం చేస్తున్నావా అన్నయ్యా?”

“చేత్తున్న అక్క. నొస్తది, ఆపుత.”

“నొప్పని ఆపితే ఇలాగే బిగుసుకుపోద్ది. దుబాయ్‌లో అయితే కాలు వంచడానికి సైకిల్ లాంటిది పెట్టి తొక్కిస్తారు. ఇక్కడ మాకది లేదు.”

హన్మాండ్లు తలెత్తాడు. “అసల్ సైకిలే తొక్కొచ్చునా అక్క?”

లీదియా ఆలోచించింది. “సీటు బాగా ఎత్తులో పెట్టాలి. మొదట కాలు గుండ్రంగా తిప్పకూడదు, ముందుకీ వెనక్కీ ఊపడమే. అది అలవాటయ్యాక సీటు కొంచెం కొంచెం దించుకుంటూ రావాలి. నేల సాపుగా ఉండాలి. పడితే మాత్రం ఎముక మళ్ళీ విరుగుద్ది. రోడ్డు మీద వద్దు.”

ఆ సాయంత్రం హన్మాండ్లు కూరగాయల దుకాణం సైకిల్‌ను స్టాండు మీద నిలబెట్టాడు. సీటు కింద గొట్టం మీద ఆకురాయితో వేలెడు వేలెడు దూరంలో గుర్తులు గీశాడు. సీటును అన్నిటికన్నా పై గుర్తుకు బిగించి, పోచన్నను ఎత్తి కూర్చోబెట్టాడు. పోచన్న పెడల్‌ను జానెడు ముందుకు, జానెడు వెనక్కి ఊపాడు. అయిదు నిమిషాలకే చొక్కా తడిసిపోయింది.

“ఆపుదామా?” అన్నాడు హన్మాండ్లు.

“ఆపకు. ఏదన్న ముచ్చట జెప్పు.”

హన్మాండ్లు ఫ్రాన్సు కాలవ గట్టు ముచ్చట చెప్పాడు. గేలాలేసిన ముసలివాళ్ళ దగ్గరికి వచ్చేసరికి పోచన్న నవ్వాడు.

మూడు వారాలు స్టాండు మీదే గడిచాయి. సీటు రెండు గుర్తులు కిందికి దిగింది. ఇక నేల మీద తొక్కాలి. ఎక్కడ తొక్కాలన్నదే తేలలేదు. వాది అంచున కంకర బాగానే ఉన్నా ఎగుడుదిగుళ్ళు ఎక్కువ. ఒక్క కాలితో బలం పట్టే మనిషి అక్కడ నిలవలేడు. త్రిమూర్తులు, హన్మాండ్లు ఒక శుక్రవారం సముద్రపు ఒడ్డు వెంట వెతికారు. ఇసుకలో చక్రాలు దిగబడ్డాయి. ఇంకో శుక్రవారం క్యాంపుకు ఉత్తరాన ఉన్న పాత ఒంటెల బాట చూశారు. అది కిలోమీటరు బాగా పోయి క్వారీ రోడ్డులో కలిసింది. టిప్పర్ల దుమ్ము కనబడగానే హన్మాండ్లు సైకిల్ దిగిపోయాడు.

తిరిగి వస్తుంటే నెత్తి మీద గడ్డిమోపుతో ఒక ముసలామె గుట్ట పక్కనుంచి వచ్చి, ఎక్కడా ఎక్కకుండా దిగకుండా, సాపు నేల మీద నడిచినట్టు ఖర్జూరపు తోటల వైపు పోయింది. హన్మాండ్లు ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.

“కాక, ఆ అవ్వ నడిసే కాడ జర సూడుండ్రి. నెత్తి మీద మోపు కదుల్తలేదు.”

ఇద్దరూ అటు పోయారు. అక్కడ ఒక ఫలజ్ ఉంది. కొండ ఊట నుంచి తోటలకు నీళ్ళు తెచ్చే పాతకాలపు రాతి కాలవ అది. వెడల్పు రెండు మూరలే. నీళ్ళు నిదానంగా పారాలి గనుక ఎక్కడా ఏటవాలు తెలియకుండా గుట్టల చుట్టూ తిప్పి కట్టారు. దాని పక్కనే సన్న కంకర పరుచుకున్న గట్టు. గాడిదలూ మనుషులూ నడిచి నడిచి అది గట్టిపడింది.

త్రిమూర్తులు సైకిల్ పక్కన పడేసి ఆ గట్టు మీద కూర్చున్నాడు. వేళ్ళు నీళ్ళలో పెట్టాడు.

గట్టు రెండు కిలోమీటర్లు పోయి ఒక రేకు గేటు దగ్గర ఆగిపోయింది. లోపల ఖర్జూరపు తోటలు. అవి దాటితే బజారు, ఆసుపత్రి. గేటుకు తాళం. పిలిస్తే తోట కాపలాదారు వచ్చాడు. బలూచీవాడు, పేరు నూర్ మొహమ్మద్. దారి ఇవ్వమంటే ఒప్పుకోలేదు. కిందటేడు ఎవరో పికప్ తోలుకుంటూ వచ్చి ఫలజ్ అంచు పగలగొట్టారని, ఆ రాళ్ళు మళ్ళీ పేర్చడానికి తనకు పదిరోజులు పట్టిందని హిందీలో చెప్పాడు.

“మాకు మోటారు లేదు భాయ్,” అన్నాడు హన్మాండ్లు తనకొచ్చిన హిందీలో. “ఉండేదే రెండు సైకిళ్ళు. మా దోస్తు కాలు టిప్పర్ తగిలి విరిగింది. వాడు తొక్కడానికి సాపు జాగా కావాలి.”

నూర్ మొహమ్మద్ సైకిళ్ళ వైపు చూశాడు. దగ్గరికి వచ్చి టైరును నొక్కి చూశాడు. “ఆ దోస్తును తీసుకురా. చూస్తా,” అన్నాడు.

మరుసటి శుక్రవారం పోచన్నను తీసుకుపోయారు. హన్మాండ్లు వెనకనుంచి సీటు పట్టుకుని నడిచాడు. పోచన్న ఎడమ కాలితో తొక్కుతూ, కుడి కాలిని పెడల్ మీద ఊపుతూ గట్టు మీద గేటు దాకా వచ్చాడు. ముఖం నొప్పితో నల్లబడి ఉంది. నూర్ మొహమ్మద్ అతని కాలు చూసి, లోపలికి పోయి ఖర్జూరాలు తెచ్చి ముందు పెట్టి, గేటు తెరిచాడు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ మూసుకుపొమ్మని మాత్రం చెప్పాడు.

తోటల లోపల నీడ. మట్టిగోడల మధ్య సన్నటి దారి. ఆ దారి ఆసుపత్రి వెనక గోడ దగ్గర తేలింది. క్యాంపు నుంచి అక్కడికి మొత్తం తొమ్మిది కిలోమీటర్లు. రోడ్డు కన్నా దూరమే, కానీ ఒక్క మోటారు ఎదురు కాలేదు. ఆ రోజు ముగ్గురూ ఆసుపత్రి వెనక గుమ్మంలో నిలబడితే లీదియా బయటికి వచ్చింది.

“ఎలా వచ్చారు? రోడ్డు మీద కాదు కదా?”

“వేరే తోవ దొరికిందక్క,” అన్నాడు పోచన్న. అతని గొంతులో కొంచెం గర్వం ఉంది.

జనవరిలో మిగిలిన రోజులన్నీ వాళ్ళు ఆ దారి మీదే తిరిగారు. సాయంత్రాలు పని నుంచి వచ్చాక హన్మాండ్లు పోచన్నను ఫలజ్ దాకా తీసుకుపోయేవాడు. నాలుగో గుర్తు దగ్గర కాలు మొరాయించింది. పది రోజులు సీటు దిగలేదు. ఒక సాయంత్రం పోచన్న పడ్డాడు. ఎముకకు ఏమీ కాలేదు గాని మోచేయి చీరుకుపోయింది. ఆ కోపంలో ఊతకర్ర తీసి వాదిలోకి విసిరేశాడు.

“ఇగ చాలు. ఇంటికి పోయి కూసుంట.”

హన్మాండ్లు పోయి కర్ర తెచ్చాడు. ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. కర్ర మీది మట్టి తుడుస్తూ హన్మాండ్లు అన్నాడు.

“ఆ దినం నేను ముంగట నడిసిన. నిన్ను లోపటికి రమ్మనకపోతిని.”

పోచన్న అతని వైపు వింతగా చూశాడు. “గది ఇంక పట్టుకుని తిరుగుతున్నవా? ముంగట నడిసెటోనికి ఎన్కనించి అచ్చేది ఎట్ల కనవడ్తది? క్యాసెట్ కొందాం నడువుమని పట్టువట్టింది నేను. నువ్వు వొద్దంటివి, ఎండ మస్తుగున్నదని.”

హన్మాండ్లుకు ఆ సంగతే గుర్తు లేదు. లేచి సైకిల్ నిలబెట్టాడు. పోచన్న మళ్ళీ ఎక్కాడు.

జనవరి ఆఖరి శుక్రవారం పోచన్న కుడి కాలు మొదటిసారి పూర్తిగా ఒక చుట్టు తిరిగింది. పెడల్ పైకి వచ్చే చోట పళ్ళు కొరికి, ఒక్కసారిగా అవతలికి తోశాడు. తర్వాత రెండో చుట్టు, మూడోది. హన్మాండ్లు సీటు వదిలేశాడు. పోచన్న ఒక్కడే వంద గజాలు పోయి, కాలు ఆన్చలేక ఒక ఖర్జూరపు చెట్టును పట్టుకుని ఆగాడు. వెనక త్రిమూర్తులు కళ్ళు తుడుచుకోవడం హన్మాండ్లు చూశాడు.

ముగ్గురూ చెట్టు కింద కూర్చున్నాక పోచన్న అడిగాడు. “కాక, గింత ఓపికతోని నేర్పవడితిరి. మీకు గీ కాళ్ళ సంగతి ఎట్ల ఎర్కైంది?”

“నా ఎడం మోకాల్లో గుండు దిగింది. పటాలంలో ఉండగా. ఒడెత్ నన్ను కాలవ గట్టు మీద ఇలాగే తొక్కించింది. వెనక నడిచేది. అప్పటికింకా పెళ్ళి కాలేదు.”

“పుణ్యాత్మురాలు. ఎన్నడు పోయిందో పాపం?”

త్రిమూర్తులు నేల వైపు చూశాడు. “పోలేదబ్బాయ్. ఉంది. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట కూడా సరిగ్గా రాదు. వాళ్ళ చెల్లెలి ఇంట్లో ఉంటోంది.”

పోచన్న మనసులో కల్మషం లేని మనిషి. అనిపించింది అనేశాడు. “మరి మీరు ఆడ ఉండి ఆమెకు సుత గిట్ల తొక్కియ్యకపోతిరా? ఈడ నాకు తొక్కిపిత్తున్నరు.”

హన్మాండ్లు అతని చేయి గట్టిగా పట్టుకున్నాడు. త్రిమూర్తులు లేచి, సైకిల్ ఎక్కి, ఒక్కడే వెళ్ళిపోయాడు.

తర్వాతి శుక్రవారం అతను రాలేదు. మధ్యాహ్నం హన్మాండ్లు ఆఫీసు వెనక పోర్టా క్యాబిన్‌లో ఉన్న అతని గదికి పోయాడు. త్రిమూర్తులు బల్ల మీద ఒక పెద్ద మ్యాపు పరుచుకుని కూర్చున్నాడు. మడతలు చిరిగి టేపు అతికించి ఉంది. దాని నిండా చుక్కల గీతల మీద పెన్సిలు గీతలు.

“పోచన్న మాటకు కోపం జెయ్యకుండ్రి కాక. వాడు గట్లనే మాట్లాడ్తడు.”

“కోపమెందుకు. వాడన్నది నిజమే కదా.” త్రిమూర్తులు మ్యాపు మీద వేలు పెట్టాడు. “ఇది మా ఇల్లు. ఇదిగో కాలవ. పక్షవాతం వచ్చాక ఏడాదిన్నర నేనే చూసుకున్నాను. ఒకరోజు కుర్చీలో కూచోబెట్టి గట్టు మీదికి తీసుకెళ్ళాను. కంకర మీద చక్రం కదల్లేదు. ఆవిడ ఆ దారి వైపు చూసి ఏడిచింది. ఏదో అనబోయింది, మాట రాలేదు. నేను చూడలేకపోయాను. ఇక్కడ ఉద్యోగం ఉందంటే సంతకం పెట్టేశాను. ఆవిడ కోసమే ఎళ్తున్నానని అందరికీ చెప్పాను.”

హన్మాండ్లు చాలాసేపు ఆ పెన్సిలు గీతలు చూశాడు. చివరికి తనకు తెలిసిందే అన్నాడు.

“నా పాసుపోర్టు కంపెనీ దగ్గరుంటది కాక. రెండేండ్లకోపాలి ఇడుస్తరు. మా తల్లి సచ్చిపోతే సుత పోలేకపోయిన. మీది మీ జేబుల ఉన్నది.”

త్రిమూర్తులు తల ఊపాడు. ఇద్దరూ టీ తాగారు. మ్యాపు మడిచేటప్పుడు చిరిగిన చోట హన్మాండ్లు పట్టుకున్నాడు.

ఫిబ్రవరి ఆఖర్న పోచన్నకు మెడికల్ అయింది. మోకాలు నూట అయిదు డిగ్రీలు వంగింది. లీదియా ఆ అంకెను రెండుసార్లు చూసి రాసింది. నడవగలడు, మెట్లెక్కగలడు, బరువులు మోయకూడదు అని డాక్టర్ కాగితం ఇచ్చాడు. ముదీర్ ఆ కాగితం చదివి, కూర్చుని చేసే పని తన దగ్గర లేదన్నాడు. త్రిమూర్తులు అతని గదిలోకి పోయి అరగంట వాదించాడు. గేటు దగ్గర కాపలాకైనా పెట్టుకోమన్నాడు. ముదీర్ ఒప్పుకోలేదు. ఖలాస్ అన్నాడు.

పోచన్న రెండు రోజులు దిగులుగా ఉన్నాడు. మూడో రోజు భార్య సాయవ్వ పంపిన క్యాసెట్ వచ్చింది. కాలు మంచిగైందని విన్నదట. ఇంటికి రమ్మని, రాగానే ఇద్దరూ కలిసి పొలం గట్ల మీద తిరుగుదామని ఆమె చెప్పింది. పోచన్న దాన్ని నాలుగుసార్లు పెట్టుకుని విన్నాడు. బయలుదేరే రోజు ఊతకర్రను గదిలోనే వదిలేసి, పెట్టె తనే ఎత్తుకుని బస్సు ఎక్కాడు.

మార్చిలో త్రిమూర్తులు ఉద్యోగం మానేశాడు. సంవత్సరం ఒప్పందం అయిదు నెలలకే వదిలిపోతున్నందుకు ఇంజనీర్లు కోప్పడ్డారు. తన సైకిల్ హన్మాండ్లుకు ఇచ్చాడు. ఎయిర్‌పోర్టుకు పోయే బండి దాకా హన్మాండ్లు వెంట వచ్చాడు.

“ఆమె గుర్తువడ్తదా మిమ్ముల?” అని అడిగాడు.

“గుర్తుపడద్ది. మాట్టాడద్దో లేదో చెప్పలేను,” అన్నాడు త్రిమూర్తులు. మ్యాపు చంకలో పెట్టుకుని బండి ఎక్కాడు.

ఆ తర్వాత కూడా హన్మాండ్లు శుక్రవారాలు గదిలో ఉండలేదు. క్యాంపులో పక్క గదిలో ఉండే పోశయ్య, ఇంకా ఇద్దరు ముగ్గురు పాత సైకిళ్ళు సంపాదించుకున్నారు. హన్మాండ్లు వాటిని బాగుచేసి ఇచ్చాడు. సైకిల్ లేనివాళ్ళు కూడా బజారుకు ఫలజ్ గట్టు మీదుగానే నడవసాగారు. ఎండాకాలం వచ్చేసరికి రోడ్డు మీద క్యాంపు మనిషి కనబడడం తగ్గిపోయింది. నూర్ మొహమ్మద్ తోటలో నీళ్ళ కుండ ఒకటి పెట్టాడు.

సెప్టెంబరులో ఫ్రాన్సు నుంచి ఉత్తరం వచ్చింది. పాత తరహా తెలుగు అక్షరాలు, దూరం దూరంగా. లీదియా ఆసుపత్రి వెనక బెంచీ మీద కూర్చుని చదివింది. ఒడెత్‌ను ఇంటికి తెచ్చుకున్నాడట. మొదటి నెల ఆమె అతని వైపు తిరగలేదు. కోపమేనని, ఉండాల్సిందేనని రాశాడు. ఊళ్ళో కమ్మరి చేత మూడు చక్రాల బండి చేయించాడు. ముందు కుర్చీలో ఆమె, వెనక సీటు మీద అతను. కంకర మీద నడవడానికి వెడల్పు టైర్లు వేయించాడు. ఆమె కుడి కాలు ఇంక రాదని డాక్టర్లు అన్నారు. కానీ జూన్ నుంచి రోజూ పొద్దున నాలుగు కిలోమీటర్లు కాలవ గట్టు మీద పోయి వస్తున్నారు. ఆమెకు ఎడమ చేత్తో దారి చూపించడం వచ్చింది. ఎక్కడ తిరగాలో ఇంకా అన్నీ గుర్తున్నాయట. మొన్న ఒకచోట అతను తప్పు మలుపు తిప్పితే ఆమె గట్టిగా ఒక మాట అంది. రెండున్నరేళ్ళలో స్పష్టంగా వచ్చిన మొదటి మాట. అది తిట్టు గనుక ఇక్కడ రాయడం లేదు అని ఉంది.

లీదియా నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. కాగితం ఒళ్ళో పెట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుంది.

“జవాబు రాసేదా అన్నయ్యా?”

“రాయక్క. పోచన్న మంచిగున్నడని రాయి. మెట్‌పల్లిల సైకిల్ దుకాణంల కూసుంటుండని రాయి.”

ఆమె రాసింది. “ఇంకా?”

హన్మాండ్లు ఆలోచించాడు. “ఖోర్ కల్బా సముద్రపు పాయ దిక్కు మడ చెట్ల అవుతల ఏదో తోవ ఉన్నదట. మోటార్లు పోవట. ఉన్నదో లేదో వచ్చే శుక్రారం పోయి సూస్తమని రాయి.”

శుక్రవారం అతను, పోశయ్య తెల్లవారకముందే బయలుదేరారు. మడ చెట్లు దాటాక రెండు కిలోమీటర్లు ఇసుక. సైకిళ్ళను నెట్టుకుంటూ నడిచారు. పోశయ్య తిరిగిపోదామన్నాడు. ఇంకొంచెం చూద్దామన్నాడు హన్మాండ్లు. ఆ తర్వాత కాలి కింద నేల గట్టిపడింది. ఇద్దరూ ఆగి, నీళ్ళు తాగి, సైకిళ్ళు ఎక్కారు.